పెంపు సున్నా, పెన్షన్ పదిలం: నర్సుల బేరంలో అసలు లెక్క

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మినియాపొలిస్, సెయింట్ పాల్ అని పక్కపక్కనే రెండు నగరాలున్నాయి. 2010 జూన్ 10న అక్కడి 14 ఆసుపత్రుల్లో సుమారు 12,000 మంది నర్సులు ఒకరోజు సమ్మె చేశారు. అప్పటికి ఆ దేశంలో జరిగిన నర్సుల సమ్మెల్లోకెల్లా పెద్దది అదే. ఈసారి గడువు లేని సమ్మెకు దిగుతామని మళ్లీ ఓటేశాక, జూలై 1న మూడేళ్ల ఒప్పందం కుదిరింది. అందులో జీతాల పెంపు ఇలా ఉంది: మొదటి ఏడాది సున్నా, రెండో ఏడాది 1 శాతం, మూడో ఏడాది 2 శాతం.

ఇంత హడావిడి చేసి తెచ్చుకున్నది ఇదేనా అనిపిస్తుంది. ఒక్కో నర్సుకు ఇంతమంది రోగులే ఉండాలన్న పెద్ద డిమాండును కూడా యూనియన్ వదులుకుంది. బదులుగా ఆసుపత్రులు పెన్షన్, ఆరోగ్య బీమాల్లో పెట్టదలచిన కోతలను వెనక్కి తీసుకున్నాయి. సభ్యులు ఓటేసి ఈ ఒప్పందాన్ని ఆమోదించారు. వాళ్లు లెక్క తెలియక ఆమోదించలేదు. ఆ లెక్కేమిటో ఓపిగ్గా చూద్దాం. మన ఊళ్లో ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే నర్సు పేస్లిప్ చదవడానికి కూడా అది అక్కరకొస్తుంది.

ముందు, అసలు పెన్షన్ బేరం యూనియన్ చేతికి ఎలా వచ్చిందో ఒక మాట. జీతం సరే, రిటైరయ్యాక ఇచ్చేదాని గురించి మాతో మాట్లాడే హక్కు యూనియన్‌కు ఎక్కడిదని ఒకప్పుడు అమెరికా కంపెనీలు వాదించేవి. ఇన్‌లాండ్ స్టీల్ అనే ఉక్కు కంపెనీ కేసులో 1948లో అక్కడి అప్పీలు కోర్టు ఆ వాదన చెల్లదంది. పెన్షన్ కూడా జీతంలో భాగమే, కాకపోతే చేతికి ఆలస్యంగా వస్తుంది, కాబట్టి కార్మికుల బేరసారాల చట్టం ప్రకారం దాని గురించి యూనియన్‌తో చర్చించి తీరాలన్నది ఆ తీర్పు సారం. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు ఈ చట్టం 1974 నాటి సవరణతో వర్తించింది. అదే సవరణ నర్సులకు ఒక షరతు కూడా పెట్టింది: సమ్మెకు పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోగుల్ని వేరేచోటికి మార్చడానికి, బయటి నర్సుల్ని తెచ్చుకోవడానికి ఆసుపత్రికి ఆ వ్యవధి.

ఇక పెన్షన్ సంగతి. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిదాంట్లో రిటైరయ్యాక నెలకు ఎంత ఇస్తారో ముందే సూత్రం రాసి ఉంటుంది. దీన్ని హామీ పెన్షన్ అందాం. రెండోదాంట్లో ఇప్పుడు నెలకు ఎంత జమ చేస్తారో మాత్రమే రాసి ఉంటుంది, చివరికి ఎంతవుతుందో మార్కెట్ చెప్పాలి. దీన్ని జమ పెన్షన్ అందాం. పొలాన్ని కౌలుకివ్వడానికీ పాలుకివ్వడానికీ ఉన్న తేడా ఇది. కౌలుకిస్తే పంట ఎలా ఉన్నా మాట్లాడుకున్న బస్తాలు మనింటికొస్తాయి. పాలుకిస్తే పండినదాంట్లో వాటా, ఎండితే ఎండినదాంట్లో వాటా. నర్సుల యూనియన్లకూ ఆసుపత్రులకూ మధ్య పెన్షన్ తగువు ఎక్కడ వచ్చినా, లోపల ఉండే ప్రశ్న ఒక్కటే: నష్టం వస్తే ఎవరు పూడ్చాలి?

హామీ పెన్షన్ సూత్రం సాధారణంగా ఇలా ఉంటుంది: పనిచేసిన ఏళ్లు, ఏడాదికి ఇంత శాతం, చివరి ఏళ్ల సగటు జీతం, ఈ మూడింటి గుణకారం. లెక్క సులువు కావడానికి ఏడాదికి ఒకటిన్నర శాతం అనుకుందాం. 30 ఏళ్లు చేస్తే 45 శాతం. చివరి జీతం ఏడాదికి 80,000 డాలర్లయితే పెన్షన్ ఏడాదికి 36,000, అంటే నెలకు 3,000 డాలర్లు. ఇప్పుడు ఆసుపత్రి ఆ ఒకటిన్నర శాతాన్ని ఒక శాతం చేస్తానంటుంది. వినడానికి అర శాతమే. నెలకు 3,000 వచ్చేది 2,000 అవుతుంది. 65 ఏళ్లకు రిటైరై 85 దాకా బతికితే, ఆ ఇరవై ఏళ్లలో పోయేది 2,40,000 డాలర్లు. చిన్నగా కనిపించే దశాంశం దగ్గరే కళ్లు పెట్టుకుని చూడమని యూనియన్ పెద్దలు చెప్పేది ఇందుకే.

ఇక్కడ మీకో సందేహం రావాలి. ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నావిడకు కూడా పాత ఏళ్లన్నిటికీ కోత పడుతుందా? పడదు. 1974లోనే వచ్చిన మరో చట్టం, ప్రైవేటు పెన్షన్ల చట్టం, ఇప్పటిదాకా సంపాదించుకున్న పెన్షన్‌ను సాధారణంగా ముట్టుకోనివ్వదు. కోత రాబోయే ఏళ్లకే. కాబట్టి ఇరవై ఏళ్ల సర్వీసున్న నర్సుకు పాత ఇరవై ఏళ్లకు 30 శాతం, రాబోయే పదేళ్లకు 10 శాతం, మొత్తం 40 శాతం. 36,000 కాస్తా 32,000 అవుతుంది. నిన్న చేరిన అమ్మాయికి మాత్రం ముప్పై ఏళ్లూ ఒక శాతమే, 24,000. ఒకే కోతలో పెద్దావిడకు పోయేది తొమ్మిదో వంతు, చిన్నమ్మాయికి పోయేది మూడో వంతు.

యూనియన్ మీటింగుల్లో ఇదే అసలు చిక్కుముడి. పాతికేళ్ల అమ్మాయికి పెన్షన్ అంటే నలభై ఏళ్ల తర్వాతి మాట. ఆమెకు కావలసింది చదువు అప్పు తీర్చడానికి ఇప్పుడే నాలుగు డబ్బులు. యాభై అయిదేళ్లావిడకు పెన్షన్ కళ్లముందే ఉంది. చిత్రమేమిటంటే, కోత వల్ల ఎక్కువ నష్టపోయేది దాన్ని పెద్దగా పట్టించుకోని చిన్నవాళ్లే. ఇది యాజమాన్యాలకూ తెలుసు. అందుకే ‘ఇప్పుడున్న వాళ్లకు ఏమీ మారదు, కొత్తగా చేరేవాళ్లకు మాత్రమే’ అన్న ప్రతిపాదన తరచుగా ముందుకొస్తుంది. ఓటు వేసేది ఇప్పుడున్నవాళ్లు, నష్టపోయేది ఇంకా ఉద్యోగంలో చేరనివాళ్లు. నా మటుకు నాకు, పెన్షన్ బేరాల్లో ఇంతకంటే తెలివైన, ఇంతకంటే అన్యాయమైన ప్రతిపాదన మరొకటి లేదు. ఒకే వార్డులో, ఒకే నైట్ డ్యూటీలో పక్కపక్కన నిలబడే ఇద్దరికి రెండు రకాల ముసలితనాలను రాసిపెడుతుంది.

మరి ఆసుపత్రులది వట్టి పిసినారితనమేనా? కాదు, వాళ్ల లెక్క కూడా చూడాలి. ఏడాదికి 36,000 చొప్పున ఇరవై ఏళ్లు ఇస్తానని మాటిచ్చినప్పుడు, రిటైరయ్యే రోజుకు నిధిలో ఎంత ఉండాలి? నిధి మీద ఏటా 7 శాతం రాబడి వస్తుందనుకుంటే సుమారు 3,81,000 డాలర్లు చాలు. 5 శాతమే వస్తుందనుకుంటే సుమారు 4,49,000 కావాలి. నర్సుకిచ్చేది ఒక్క డాలరు కూడా పెరగలేదు, హామీ ఖర్చు మాత్రం 67,000కు పైగా పెరిగింది. అలాంటి నర్సులు వెయ్యిమంది ఉంటే 6.7 కోట్ల డాలర్లు. 2008 మార్కెట్ పతనంలో అమెరికా పెన్షన్ నిధుల ఆస్తులు తరిగిపోయాయి, ఆ తర్వాత వడ్డీ రేట్లూ పడిపోయాయి. మిన్నెసోటా చర్చలు జరిగింది ఆ పతనం మీద రెండేళ్లు గడవకముందే. యాజమాన్యాలు భయపడ్డాయంటే అందులో వింతేమీ లేదు. నర్సులు అడిగింది కూడా సూటిగానే ఉంది: ఆ భయాన్ని భరించగల శక్తి ఎవరికి ఎక్కువ, ఆసుపత్రి సంస్థకా, ఒంటరి ఉద్యోగికా?

ఇప్పుడు ఆ సున్నా, ఒకటి, రెండు శాతాల దగ్గరికి వద్దాం. ఇంకా 15 ఏళ్ల సర్వీసున్న నర్సును తీసుకోండి. పెన్షన్ కాపాడుకోవడానికి ఆమె జీతంలో 2 శాతం పెంపు వదులుకుందనుకుందాం. 80,000 మీద ఏడాదికి 1,600 డాలర్లు, పదిహేనేళ్లకు 24,000. కోత పడి ఉంటే రాబోయే 15 ఏళ్లకు అర శాతం చొప్పున ఏడున్నర శాతం పెన్షన్ పోయేది. అంటే ఏడాదికి 6,000, ఇరవై ఏళ్లకు 1,20,000. ఇచ్చింది 24 వేలు, నిలబెట్టుకున్నది లక్షా 20 వేలు.

లెక్కల్లో గట్టివాళ్లు ఇక్కడ చెయ్యెత్తుతారు. పదిహేనేళ్ల తర్వాత వచ్చే డబ్బునూ ఈ ఏడాది చేతికందే డబ్బునూ ఒకే తక్కెడలో ఎలా తూస్తారని. న్యాయమైన ప్రశ్నే. రేపటి రూపాయికి ఇవాళ్టి విలువ కట్టాలి. 5 శాతం వడ్డీ లెక్కన కడితే, వదులుకున్న పెంపు ఇవాళ్టి విలువ సుమారు 16,600, కాపాడుకున్న పెన్షన్ ఇవాళ్టి విలువ సుమారు 36,000. అయిదు రెట్ల లాభం రెండు రెట్లకు తగ్గింది. అయినా రెండు రెట్లే. పైగా 85 దాటి బతికితే మిగిలిందంతా అదనం.

‘మీ పెన్షన్ ఎందుకు, మీ పేరున అకౌంట్లోనే నెలనెలా వేస్తాం’ అంటే ఒప్పుకోవచ్చా? జమ పెన్షన్‌కు మంచి గుణాలున్నాయి. ఉద్యోగం మారినా డబ్బు వెంట వస్తుంది, నాలుగేళ్లకో ఆసుపత్రి మారేవాళ్లకు అది నిజంగానే మేలు. కానీ రూపాయల్లో ఒక లెక్క చూడండి. నెలకు 5,000 చొప్పున 30 ఏళ్లు వేస్తే, రాబడి 8 శాతమైతే సుమారు 74.5 లక్షలు. 6 శాతమే అయితే సుమారు 50 లక్షలు. రెండు శాతం తేడాకు 24 లక్షలు గాలిలో కలిసిపోతాయి, అందులో ఆ నర్సు తప్పేమీ ఉండదు. అదీగాక, మనిషి ఎన్నేళ్లు బతుకుతాడో అకౌంటుకు తెలియదు. తొంభై ఏళ్లు బతకడం అదృష్టమంటాం. డబ్బు ఎనభైకే అయిపోతే మాత్రం ఆ అదృష్టం పిల్లల మీద పడుతుంది.

హామీ ఇచ్చిన ఆసుపత్రే మూతపడితే? దీనికి అమెరికా ఒక బీమా సంస్థను పెట్టింది. పెన్షన్ నిధులే ప్రీమియం కడతాయి, నిధి కూలితే సంస్థ ఆదుకుంటుంది. అయితే దానికో పరిమితి ఉంది. పలు యాజమాన్యాలు కలిసి నడిపే ఉమ్మడి నిధి కూలితే, ముప్పై ఏళ్ల సర్వీసుకు బీమా ఇచ్చేది గరిష్ఠంగా ఏడాదికి 12,870 డాలర్లు. మన ఉదాహరణలోని 36,000తో పోలిస్తే మూడో వంతు పైచిలుకు. ఇక చర్చిలతో సంబంధమున్న ఆసుపత్రులకు ఆ పెన్షన్ల చట్టమే వర్తించనవసరం లేదు, బీమా తప్పనిసరి కాదు. 2017లో అమెరికా సుప్రీంకోర్టు ఈ మినహాయింపును సమర్థించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో సెయింట్ క్లేర్స్ ఆసుపత్రి 2008లో మూతపడింది. పదేళ్లకు దాని పెన్షన్ నిధి కూడా కుప్పకూలింది. బీమా లేకపోవడంతో 1,100 మందికి పైగా నర్సులు, ఇతర ఉద్యోగులు దెబ్బతిన్నారు, కొందరికి పెన్షన్ తగ్గింది, కొందరికి పూర్తిగా పోయింది. ఇంత శాతం ఇస్తామన్న కాగితంతో పాటు, నిధిలో ఇవాళ ఎంత ఉంది, దానికి బీమా ఉందా అన్న రెండు ప్రశ్నలు యూనియన్లు అడిగేది అందుకే.

అక్కడ పనిచేస్తున్న మన తెలుగు నర్సులకు మరో విషయం. ఆసుపత్రి హామీ పెన్షన్ మీద పూర్తి హక్కు రావడానికి అక్కడ చాలాచోట్ల అయిదేళ్ల సర్వీసు కావాలి. ప్రభుత్వ సోషల్ సెక్యూరిటీకి జీతంలోంచి 6.2 శాతం కోసుకుంటారు, యాజమాన్యం అంతే కలుపుతుంది. కానీ రిటైర్మెంట్ పెన్షన్ రావాలంటే దాదాపు పదేళ్లు కట్టాలి. భారత్, అమెరికాల మధ్య ఈ సర్వీసులను కలిపి చూసే ఒప్పందం లేదు. ఎనిమిదేళ్లు చేసి ఇంటికొచ్చేద్దామనుకునే అమ్మాయి, ఇంకో రెండేళ్ల విలువ ఎంతో ఒకసారి లెక్క వేసుకుని టికెట్ కొనుక్కుంటే మంచిది.

ఇక మన ఊరి సంగతి. ప్రభుత్వ ఆసుపత్రుల స్టాఫ్ నర్సుల గొడవ వేరు. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో చేరినవాళ్లు సీపీఎస్ కిందికి వచ్చారు, అది జమ పెన్షన్. వాళ్ల బేరం ప్రభుత్వంతో. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే సిస్టర్‌కు ఉన్నది పీఎఫ్, దాంతోపాటు వచ్చే ఈపీఎస్, అంటే ఉద్యోగుల పెన్షన్ పథకం. ఇది చాలామంది అనుకున్నట్టు జమ పెన్షన్ కాదు. దీనికి సూత్రం ఉంది: చివరి 60 నెలల సగటు బేసిక్, డీఏలను సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. ఇరవై ఏళ్లు నిండితే రెండేళ్లు అదనంగా కలుపుతారు. మార్కెట్ పడినా ఈ సూత్రం మారదు. హామీ పెన్షనే, కానీ కురచది.

ఎందుకు కురచ? జీతం ఎంతున్నా ఇది రాసే నాటికి సూత్రంలోకి సాధారణంగా వెళ్లేది 15,000 మాత్రమే, 2014 సెప్టెంబరు నుంచి అదే పరిమితి. ముప్పై ఏళ్లు చేసిన నర్సుకు రెండేళ్ల అదనంతో 32 ఏళ్లు. 15,000ను 32తో గుణించి 70తో భాగిస్తే నెలకు 6,857 రూపాయలు. అదనంతో కలిపి 35 ఏళ్లయితే 7,500. డీఏ పెరిగేది లేదు, ధరలు పెరిగినా ఆ అంకె అక్కడే. రేపు రాబోయేది నెలకు ఏడు వేలంటే, మందుల షాపు బిల్లుకూ పాలవాడికీ సరిపోతుందేమో.

బేసిక్ తక్కువ రాస్తే ఇంకా కిందికి పోతుంది. ఒక పేస్లిప్ ఊహించండి: మొత్తం జీతం 30,000, అందులో బేసిక్ 10,000, మిగతాదంతా ఇంటి అద్దె, యూనిఫాం, ప్రత్యేక అలవెన్సు. పీఎఫ్ ఆ పదివేల మీదే కడితే ముప్పై ఏళ్ల పెన్షన్ 4,571. నెలకు 2,286 రూపాయలు పేస్లిప్‌లో ఒక గడి నుంచి ఇంకో గడికి జారిపోయాయి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం మొత్తం ప్రతిఫలంలో అలవెన్సులు సగం దాటితే, దాటినంత మేరా వేతనంగానే లెక్కపెట్టాలి. మన దగ్గర నర్సుల యూనియన్ పెన్షన్ బేరం మొదలుపెట్టవలసింది ఈ గడి దగ్గరే.

రెండో చోటు ఇంకా ముఖ్యమైనది. 2014 సెప్టెంబరు తర్వాత మొదటిసారి ఉద్యోగంలో చేరి, బేసిక్ 15,000 దాటి ఉన్నవాళ్లకు ఈపీఎస్ లేదు. అసలు పీఎఫ్‌లో చేర్చుకోవడం కూడా యాజమాన్యానికి తప్పనిసరి కాదు. అంటే మంచి జీతంతో చేరిన కొత్త నర్సుకు పెన్షన్ అనేదే ఉండకపోవచ్చు. చట్టం వదిలేసిన ఈ చోటును ఒప్పందంతో నింపుకోవచ్చు: అందరినీ పీఎఫ్‌లో చేర్చాలి, 15,000 మీద కాక పూర్తి బేసిక్ మీద కట్టాలి. బేసిక్ 25,000 అయితే ఆసుపత్రి వాటా 1,800 నుంచి 3,000 అవుతుంది. ఆ అదనపు 1,200 ముప్పై ఏళ్లు 8 శాతం మీద పెరిగితే దాదాపు 18 లక్షలు. నర్సు వాటా కూడా అంతే పెరుగుతుంది కాబట్టి చేతికొచ్చే జీతం 1,200 తగ్గుతుంది. ఈ మాట సభ్యులకు ముందే చెప్పకపోతే మొదటి నెల జీతం పడ్డ రోజే యూనియన్ ఆఫీసు ముందు గొడవవుతుంది.

ఎవరు మాట్లాడాలి? కొత్త కోడ్ ప్రకారం ఆసుపత్రిలో 51 శాతం కార్మికుల మద్దతున్న యూనియన్‌కు బేరమాడే గుర్తింపు వస్తుంది. అంత బలం ఎవరికీ లేకపోతే, 20 శాతం చొప్పున ఉన్నవాళ్లతో చర్చల మండలి ఏర్పడుతుంది. సమ్మెకు 14 రోజుల నోటీసు కావాలి, అమెరికా కంటే నాలుగు రోజులు ఎక్కువ. పూర్తిగానో అధికభాగమో ధర్మకార్యాలకు నడిచే సంస్థల ఆసుపత్రులను మాత్రం ఈ కోడ్ తన పరిధి నుంచి తప్పించింది. ట్రస్టు ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు ముందు తమ సంస్థ ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవాలి.

చివరిగా ఒక సంగతి, దీనికి యూనియన్ కూడా అక్కర్లేదు. ఈపీఎస్ పెన్షన్‌కు కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. మన నర్సులు రెండేళ్లకో ఆసుపత్రి మారతారు, మధ్యలో గల్ఫ్‌కు వెళ్తారు. వెళ్లేముందు ఫారం 10సి నింపి పెన్షన్ భాగం కూడా డ్రా చేసేస్తారు. అక్కడితో అప్పటిదాకా చేసిన సర్వీసు సున్నా, తిరిగొచ్చి చేరితే మళ్లీ ఒకటి నుంచి లెక్క. అదే ఫారంలో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడగవచ్చు. అది ఉంటే పాత ఆరేళ్లూ కొత్త అయిదేళ్లూ కలిసి పదకొండు అవుతాయి, 58 ఏళ్లు నిండాక పెన్షన్ మొదలవుతుంది.